నలభై సెకన్ల బిట్‌లో హౌస్ వినపడదు

సంపాదకులు గారికి,

పెళ్లి ఊరేగింపుల్లో, బీచ్ రోడ్డు కార్యక్రమాల్లో డీజే మోత గురించి మీ పేజీలో వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. మోత సంగతిలో వాటితో మాకు పేచీ లేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. ప్రత్యేక అనుమతి ఇచ్చిన కొద్ది రోజులు తప్ప రాత్రి పది దాటాక బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. అయితే ఆ ఉత్తరాల్లోనే ‘ఈ సంగీతమంతా ఒకటే డబ్‌డబ్, మీట నొక్కితే యంత్రమే వాయించేస్తుంది’ అన్న మాట కూడా దొర్లుతోంది. ఆ డబ్‌డబ్ అసలు పేరు హౌస్, ఒక రకం డ్యాన్స్ సంగీతం. దాన్ని ఎవరు కట్టారో, విశాఖ చేరేసరికి అదొక్కటే ఎందుకు మిగులుతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

హౌస్ పుట్టింది షికాగోలో. 1977లో అక్కడ తెరిచిన ‘వేర్‌హౌస్’ క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ డిస్కో రికార్డులు వేసేవారు. పాటలో జనం ఊగే చోటును రీలు టేపు మీద కోసి, అతికించి, పొడిగించేవారు. 1984లో జెస్సీ సాండర్స్ ‘ఆన్ అండ్ ఆన్’ వచ్చేనాటికి కుర్రాళ్లు డ్రమ్ మెషీన్లు (ఎక్కించిన వరసలో డ్రమ్ము శబ్దాలు మోగించే పెట్టెలు) పెట్టుకుని సొంతంగానే రికార్డులు కట్టేస్తున్నారు.

కట్టే పద్ధతి పైకి సులువే. రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్ టీఆర్-909లో బార్‌కి, అంటే నాలుగు బీట్లకు, పదహారు గడులు. 1, 5, 9, 13లో కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) పెట్టాలి, 5, 13లో క్లాప్ (చప్పట్ల శబ్దం), 3, 7, 11, 15లో ఓపెన్ హై-హ్యాట్ (జంట తాళాల శబ్దం). వేగం నిమిషానికి 120 బీట్లయితే ఒక్కో గడికి 125 మిల్లీసెకన్లు, బార్‌కి రెండు సెకన్లు. ఇంతటితో ఆగితే నిజంగానే డబ్‌డబ్. షఫుల్ పెట్టి సరిసంఖ్య గడులను రవంత ఆలస్యం చేస్తే నడక వస్తుంది, మరీ ఎక్కువైతే బీటు కుంటుతుంది. 909లో కిక్, స్నేర్ (చిన్న డ్రమ్ము), క్లాప్ అనలాగ్ సర్క్యూట్ల నుంచి పుడతాయి. హై-హ్యాట్, సింబల్స్ మాత్రం 6-బిట్ డిజిటల్ శాంపిళ్లు (ముందే రికార్డు చేసి దాచిన శబ్దాలు), ఆ గరుకుదనం అక్కడిదే. ఎక్కడో దించుకున్న, బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3 వేస్తే ముందు పోయేది అదే. 320 గానీ, వేవ్ ఫైల్ గానీ వాడాలి.

అసలు విశేషమంతా టీబీ-303 అనే బేస్ సింథసైజర్‌లో ఉంది. తాదావో కికుమోతో రూపొందించిన ఈ చిన్న పెట్టెను రోలాండ్ 1981లో తెచ్చి 1984కల్లా ఆపేసింది. గిటారిస్టుకు తోడుగా బేస్ (మంద్ర స్వరాలు) వాయిస్తుందని అమ్మజూశారు. బేస్ గిటార్‌లా మోగలేదు, అమ్ముడూ పోలేదు. స్వరాలు ఒకసారి, వాటి కాలం మరోసారి విడివిడిగా ఎక్కించాలి. ఒక్క గడి తప్పితే మిగతా వరసంతా పక్కకు జరిగిపోతుంది. అలాంటి పెట్టెతో డీజే పియరే, స్పాంకీ, హెర్బ్ జె ముగ్గురూ ‘ఫ్యూచర్’ పేరుతో చేసిన ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో వచ్చింది. పదకొండు నిమిషాల పైచిలుకు. స్వరాల వరస దాదాపు మారదు, నాబ్‌లు తిరుగుతుంటాయి, అంతే. పై ధ్వనులను ఎక్కడ కోయాలో కటాఫ్ చెబుతుంది. ఆ కోత అంచున ఉన్న ధ్వనిని రెజొనెన్స్ ఎగదోస్తుంది. కాబట్టి కటాఫ్ తిప్పినప్పుడల్లా ఆ కీచుదనం పైకీ కిందకీ పాకుతుంది. యాక్సెంట్ పెట్టిన గడిలో శబ్దంతోపాటు ఫిల్టర్ కూడా ఎక్కువ తెరుచుకుంటుంది. నకలు చేసేవాళ్లలో చాలామంది మొదటి నిమిషంలోనే రెజొనెన్స్ చివరికంటా తిప్పేస్తారు. ఇక పైకి వెళ్లే చోటు ఉండదు, కింద బేస్ కూడా పల్చబడుతుంది. మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రాన్ హార్డీ దీన్ని ఒకే రాత్రి నాలుగుసార్లు వేశారని, మొదటిసారి ఖాళీ అయిన ఫ్లోరు నాలుగోసారికి ఊగిపోయిందని పియరే చెబుతుంటారు.

ఇదే పెట్టె అంతకు ఐదేళ్ల ముందు ముంబయిలో మోగింది. హిందీ సినిమా స్టూడియోల్లో వాద్యకారుడైన చరణ్‌జీత్ సింగ్ 1982లో జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 కలిపి పది రాగాలను డిస్కో బీట్ మీద రికార్డు చేశారు. అందులోని భూపాలి మన మోహనం, మాల్కౌన్స్ మన హిందోళం, యమన్ మన కల్యాణి. త్యాగరాజ ఆరాధనోత్సవాలకు వెళ్లే చెవి రెండు నిమిషాల్లో పోల్చుకుంటుంది. అప్పట్లో ఆ రికార్డును పట్టించుకున్నవారు తక్కువ, 2010లో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచం చెవి ఒగ్గింది. అలాగని ‘యాసిడ్ హౌస్ (303 కీచుదనంతో నడిచే హౌస్) మనదే, వాళ్లు కాపీ కొట్టారు’ అనే వాట్సాప్ గర్వం వద్దు. షికాగోవాళ్లు అది విన్నారనడానికి ఆధారం లేదు, ఉద్దేశాలూ వేరు. చరణ్‌జీత్ సింగ్ యంత్రం చేత రాగం పలికించారు, ఆరోహణ అవరోహణలే అక్కడ ప్రాణం. ఫ్యూచర్ ముగ్గురికీ స్వరం సాకు మాత్రమే, ఫిల్టర్ కదలికే పాట. రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఎవరి గొప్ప వారిదేనని తెలుస్తుంది.

మీట నొక్కితే చాలనేవారు మార్షల్ జెఫర్సన్ ‘మూవ్ యువర్ బాడీ’ (1986) వినాలి. ఆయన అప్పటికి పోస్టాఫీసు ఉద్యోగి, పియానో విద్వాంసుడు కాదు. నెమ్మదిగా వాయించి ఎక్కించి, తర్వాత వేగం పెంచారు. చేతికి రాని వేగం సీక్వెన్సర్ (ఎక్కించిన స్వరాలను తిరిగి వాయించే యంత్రం) ఇచ్చింది గానీ ఏ స్వరం ఎక్కడ పడాలన్నది ఆయన చెవే తేల్చింది. అదే ఏడాది లారీ హెర్డ్ ‘మిస్టర్ ఫింగర్స్’ పేరుతో ‘కెన్ యూ ఫీల్ ఇట్’ ఇచ్చారు. జూనో-60 సింథ్ మీద ఇంత నిదానమైన పాట మరొకటి చెప్పమంటే మాకు తోచదు. డెట్రాయిట్ నుంచి 1987లో డెరిక్ మే ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ వచ్చింది. అందులో బేస్‌లైనే లేదు. సంగతి తెలియని ఆపరేటర్ బేస్ తగ్గిందనుకుని సబ్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) పెంచేస్తాడు, పియానో పోయి కిక్ ఒక్కటే బాదుతుంది.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ మిక్సుల్లో ఒక పాటకు దక్కేది మహా అయితే నలభై సెకన్ల బిట్. 120 వేగంలో అది ఇరవై బార్లు. ఈ పన్నెండు అంగుళాల రికార్డుల్లో చాలావాటికి మొదటి పదహారో ముప్పై రెండో బార్లు ఉత్త డ్రమ్ములే, పక్క రికార్డుతో కలపడానికి వదిలిన దారి అది. ఆ దారినే వినిపించి కట్ చేస్తే జనానికి డబ్‌డబ్ కాక మరేం వినిపిస్తుంది?

రెండో చిక్కు వేగం. 100 మీద నడిచే సినిమా పాట నుంచి 122 హౌస్‌కు ఒక్కసారి దూకితే తేడా 22 శాతం. రికార్డులు తిప్పే టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ మీద పిచ్ (వేగం) జరిగేదే అటూ ఇటూ 8 శాతం. 100, 106, 112, 118, 122 అని మెట్లు మెట్లుగా ఎక్కించాలి. రెండు పాటల వేగాలను తనే కలిపే సింక్ బటన్‌ను గుడ్డిగా నమ్మకూడదు. పాత రికార్డు నుంచి ఎక్కించిన ఫైల్ అసలు వేగం 119.83 అయితే, సాఫ్ట్‌వేర్ బీట్లు లెక్కపెట్టే గ్రిడ్‌ను 120కి పెట్టినప్పుడు 64 సెకన్లలో దాదాపు 90 మిల్లీసెకన్లు జారుతుంది. రెండు కిక్‌లూ గుర్రం డెక్కల్లా విడిపోతాయి.

మూడోది బాక్సులు పెట్టే తీరు. 50 హెర్ట్జ్ కిక్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. వేదికకు ఆ చివరొకటి ఈ చివరొకటి సబ్‌లు పెడితే, రెండింటి నుంచి దూరంలో మూడున్నర మీటర్ల తేడా వచ్చిన చోటల్లా అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అక్కడ నిలబడ్డవాళ్లు బేస్ లేదంటారు, ఆపరేటర్ పెంచుతాడు, మధ్యలో ఉన్నవాళ్ల గుండెలదురుతాయి. సబ్‌లన్నీ నడిమధ్యన ఒకేచోట పెట్టి, ఏ బాక్సుకూ ప్లస్ మైనస్ తారుమారు కాలేదని చూసుకుంటే తక్కువ వాల్యూమ్‌లోనే సరిపోతుంది. మిక్సర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే అది బలం కాదు, అల తల తెగుతోందని అర్థం. ముందు కాలేది ట్వీటర్లు (పై ధ్వనుల స్పీకర్లు). సముద్రపు గాలికి కనెక్టర్లు చిలుమెక్కి గరగరమంటాయి, ప్రతి కార్యక్రమానికీ ముందు కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవాల్సిందే.

మీకొక విన్నపం. కార్యక్రమాల వార్తల్లో డీజే పేరు పక్కన వేసిన పాటల్లో నాలుగైదింటిని, వాటిని కట్టినవారి పేర్లతో సహా రాయండి. నిర్వాహకులు సాయంత్రం మొదటి గంటను తక్కువ వాల్యూమ్‌లో పూర్తి నిడివి పాటలకు వదిలితే, ‘యాసిడ్ ట్రాక్స్’ పదకొండు నిమిషాలూ వేశాక కూడా పదిలోపు సినిమా పాటలకు బోలెడు సమయం ఉంటుంది.

– కొందరు సౌండ్ ఆపరేటర్లు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం