సెప్టెంబర్ 17 పేజీలో ఆడవాళ్లేరి?

ఎడిటర్ గారికి నమస్తే, 1948లో నిజాం భారత సైన్యానికి లొంగిపోయిన రోజు, సెప్టెంబర్ 17 వస్తే చాలు విలీనమా విమోచనమా అని కొట్లాటే తప్ప ఊళ్లల్లో ఏం మారిందో ఎవరూ రాయరు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి పడిపోయాక లేచిన తెలంగాణ సాయుధ పోరాటం నిజాం మీదనే ఆగలేదు కదా, అంతకుముందు దొరకి చాకలి బట్టలుతకాలి కుమ్మరి కుండలియ్యాలి పైసా కూలి ఉండదు, ఆంధ్ర మహాసభ సంఘం బలంగా ఉన్న ఊళ్లల్లో ఆ వెట్టి బంద్ అయింది, దొర ఉండే గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినోళ్లే దొరని నిలదీశారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట దొర మనుషులకి దక్కనివ్వలేదు, అదీ ఆ రోజుల్లో! కాకపోతే దళాల్లో తుపాకీ పట్టిన ఆడవాళ్లలో చాలామందిని 1951లో పోరాటం ఆపేశాక ఇళ్లకి పొమ్మన్నారు, పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ కూడా పెద్దగా పట్టించుకోలేదు, నాకు కోపం అక్కడే. ఈసారి స్పెషల్ పేజీ వేస్తే వాళ్ల గురించి కూడా వేయండి సార్.

- ఓ పాఠకుడు, జనగామ