చీరలు కత్తిరించిన గౌరి

ఒసేయ్ దొరసానీ,

ముందు తిట్టేసి తర్వాత చదువు. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడంతా బానే ఉన్నాం. అత్తయ్యగారి మోకాళ్లు అంతంతమాత్రం, పెద్దాడికి పరీక్షలు, వంటింటి కుళాయి సంగతి మాత్రం అడక్కు. వార్తలు సమాప్తం.

అసలు సంగతి వేరే. నువ్వు వద్దు వద్దంటున్నా ఝుంపా లాహిరి ‘ది లోలాండ్’ నవల చదివేశాను. అప్పట్నుంచీ ఇంట్లో యుద్ధమే.

కథ నీకు గుర్తుందా? కలకత్తా టాలీగంజ్‌లో నక్సలైట్ అయిన తమ్ముడు ఉదయన్‌ని పోలీసులు కాల్చేస్తారు. భార్య గౌరి కడుపుతో ఉంటుంది. అత్తింట్లో చేపలు మాన్పించి, తెల్లచీర కట్టించి ఓ మూల కూర్చోబెడతారు. అమెరికాలో రోడ్ ఐలండ్‌లో చదువుకుంటున్న అన్న సుభాష్ వచ్చి ఇదంతా చూసి, తనే పెళ్లి చేసుకుని తీసుకుపోతాడు. ఈ పిల్ల తల్లి కావడానికి పనికిరాదురా అని వాళ్లమ్మ ముందే అంటుంది కూడా.

అక్కడికెళ్లాక ఒకరోజు సుభాష్ ఇంటికొచ్చేసరికి గౌరి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంటుంది. చీరలూ లంగాలూ అన్నీ పీలికలు పీలికలు చేసి పడేసి ఉంటాయి. ఒక్కటీ మిగల్చలేదే! అక్కడ పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మనమైతే ముందు ‘అయ్యో, ఎంత మంచి చీరలు’ అనేవాళ్లం, నిజం చెప్పు.

తర్వాత కూతురు బేలా పుడుతుంది. గౌరి ఫిలాసఫీ చదువులో పడిపోతుంది. పసిదాన్ని ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి అలా తిరిగి వస్తుంటుంది, ఓ రోజు సుభాష్‌కి దొరికిపోతుంది. చివరికి తన తండ్రి పోయాడని సుభాష్ బేలాని తీసుకుని కలకత్తా వెళ్లొచ్చేసరికి గౌరి లేదు. బెంగాలీలో రాసిన ఉత్తరం ఒకటి పెట్టి, ఉద్యోగం దొరికిందని కాలిఫోర్నియా వెళ్లిపోయింది.

ఇది రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. నా కర్మ. మా ఆయన వెంటనే ‘సుభాష్ దేవుడు’ అన్నారు. పిల్లని ఒంటిచేత్తో పెంచాడట. మరి మీరు మన చిన్నదానికి పాలడబ్బా మూత తీసి ఎన్నాళ్లయిందండీ అనబోయి... సర్లే. అత్తయ్యగారైతే ‘అంత దయగలవాణ్ణి వదిలేసి పోవడానికి దానికి మనసెలా వచ్చిందే’ అని.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. దయట! ఆదుకున్నాడు కాబట్టి ఆమె జీవితాంతం రుణపడి ఉండాలి. నీకేం కావాలి అని ఆమెని అడిగినవాళ్లు లేరు. సుభాష్ కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. ఇంతకంటే ఏం కావాలి అనేగా మనవాళ్ల లెక్క? సుభాష్ దుర్మార్గుడైతే ఎంత సుఖంగా ఉండేది! గౌరి వెళ్లిపోతే చప్పట్లు కొట్టి పడుకునేదాన్ని.

లాహిరిదే ‘సెక్సీ’ అని ఇంకో కథ ఉంది కదా, 1999లో వచ్చిన తొలి పుస్తకంలో. అందులో ఒకడు ఇండియా నుంచి వస్తూ, విమానంలో పరిచయమైన ఆవిడతో హీత్రోలో దిగిపోతాడు. వాడికీ ఏడేళ్ల కొడుకున్నాడు! అది చెప్తే మా ఆయన ‘మగాళ్లలో ఉంటారు అలాంటివాళ్లు’ అని పెరుగు వడ్డించుకున్నారు. అంతే. వాడి పేరు కూడా అడగలేదు. గౌరిని మాత్రం చెయ్యి కడుక్కునే దాకా వదల్లేదు.

మన చలం ‘మైదానం’లో రాజేశ్వరి లాయరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్లిపోయింది 1927లో. ఆవిణ్ణే ఇప్పటికీ తిడుతున్నాం. అయినా రాజేశ్వరి వెళ్లింది ప్రేమ కోసం, అది ఎలాగో మింగుడుపడుతుంది. గౌరి ఎవరి కోసమూ వెళ్లలేదు. అదే ఎవరికీ...

కానీ నీ దగ్గర దాపరికమేంటి, బేలా విషయంలో మాత్రం నాకూ గొంతు దిగట్లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత గౌరి చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే బేలా మొహం మీదే దులిపేస్తుంది చూడు, అక్కడ నేను పూర్తిగా బేలా పక్షం. అప్పటిదాకా గౌరి తరఫున నేను చేసిన వకాల్తా అంతా ఏమైనట్టు? నువ్వుంటే ‘తీర్పు వాయిదా’ అని బల్ల మీద గరిటె కొట్టేదానివి.

నాకనిపించేది ఏంటంటే, చీరలు పీలికలు చేసిన రోజే సుభాష్ పక్కన కూర్చుని

అయ్యో, బడి బస్సు హారన్ కొడుతోంది! ‘మైదానం’ నీ దగ్గరే ఉంది, ఈసారైనా పంపు. జవాబు రాయి. సుభాష్‌ని పొగిడావో, చూడు మరి.

నీ
గరిటె జడ్జి గారి గుమాస్తా