గర్భసంచి తొలగించిన మహిళల ఎముకల మాటేమిటి?

సంపాదకుల వారికి,

బోలు ఎముకల వ్యాధి చికిత్స భవిష్యత్తు గురించి చర్చ వచ్చినప్పుడల్లా కొత్త ఇంజెక్షన్ల ప్రస్తావనే ముందుంటుంది. మన రాష్ట్రాలలో ఆ చికిత్స మొదట ఎవరికి అందాలన్నదే నన్ను వేధిస్తున్న ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించినవారు దేశ సగటున సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అందుకు రెట్టింపుకు మించి ఉన్నారు. వీరిలో చాలామందికి ఆ ఆపరేషన్ నలభై ఏళ్లు నిండకముందే జరిగింది.

గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసివేస్తే ఎముకలను కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉంచినా, కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి. నాటి నుంచే ఎముక తరిగిపోతున్నా నొప్పి ఉండదు కనుక ఎవరికీ తెలియదు. తర్వాత ఎప్పుడో నడుము పట్టేస్తే, పొలం పనుల వల్లేనని సరిపెట్టుకుంటారు. వెన్నుపూస కుంగిన సంగతి ఎక్స్‌రే తీస్తే గాని బయటపడదు. నర్సుగా పనిచేసిన కాలంలో, తన అండాశయాలు ఉన్నాయో లేవో చెప్పలేని స్త్రీలను ఎందరినో చూశాను. డిశ్చార్జి కాగితంలో ఆ ముక్క ఉండేది కాదు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

చిన్న వయసులోనే అండాశయాలు పోయినవారికి, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకులు లేకుంటే, సహజంగా నెలసరి ఆగే వయసు వరకు హార్మోన్ చికిత్స ఇవ్వవచ్చు. ఎముక విరిగినవారికి, మూత్రపిండాల పనితీరు, విటమిన్ డి చూశాక, ఎముక తరుగుదలను తగ్గించే జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందును ఏడాదికోసారి నరంలోకి ఎక్కించవచ్చు. తుంటి విరిగినవారిపై జరిగిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. ఆ మందు తీసుకున్నవారిలో మరణాలు 28 శాతం తగ్గాయని అందులో తేలింది. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ కూడా మంచి మందే కానీ, మధ్యలో మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల ఆసుపత్రికి క్రమంగా రాలేని పల్లె మహిళలకు ఏడాదికోసారి ఇచ్చే మందే మేలని నా అభిప్రాయం.

గ్రామాలలో బీపీ, షుగరు పరీక్షించే సిబ్బంది, గర్భసంచి ఆపరేషన్ ఏ వయసులో జరిగిందో, మామూలుగా జారిపడినందుకే ఎముక విరిగిందో కూడా అడిగి, అవసరమైన వారిని ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌కు జిల్లా ఆసుపత్రికి పంపాలి. ప్రతి జిల్లా కేంద్రంలో ఆ స్కాన్ ఉచితంగా అందాలి. అంతకన్నా ముందు, గర్భసంచి ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ అండాశయాలు తీసిందీ ఉంచిందీ డిశ్చార్జి కాగితంపై తెలుగులో రాసి ఇవ్వాలని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు వెంటనే ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు, ఒంగోలు