నాలుగో వార్డు ఖాళీ

అయ్యా,

పంచాయతీల్లో ఖాళీగా ఉన్న వార్డుల మీద మీ జిల్లా పేజీలో పోయిన వారం వచ్చిన చిన్న వార్త చదివాను. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు తాత్సారం చేశాను. నిన్న కుళాయి దగ్గర మళ్లీ బిందెల కొట్లాట చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను.

మా నాలుగో వార్డు సభ్యుడు చనిపోయి రెండు వేసవులు గడిచాయి. (ఊరి పేరు రాయడం లేదు, రాస్తే వచ్చే నాలుగు చుక్కలూ ఆగిపోతాయి.) ఆయన ఉన్నప్పుడు కుళాయి చెడితే లుంగీ ఎగగట్టి, రెంచీ పట్టుకుని తానే వచ్చేవాడు. ఇప్పుడు వాషరు మార్చాలన్నా అర్జీ పెట్టుకోవాలి. సర్పంచి పదవి ఖాళీ అయితే ఉప సర్పంచి చూసుకుంటారు. వార్డు సభ్యుడు పోతే ఎవరు చూసుకుంటారు?

ఖాళీ సంగతి పైకి తెలపాలి, ఉప ఎన్నిక పెట్టాలి, గెలిచినవారు మిగిలిన కాలం పనిచేయాలి. చట్టం చెప్పేది ఇంతే. మొదటి ఏడాది అధికారులను అడిగితే "ఇప్పుడే కదా పోయారు, ఆగండి మాస్టారూ" అన్నారు. రెండో ఏడాది అడిగితే "ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఇంకెందుకు" అన్నారు. ఈ రెంటికీ మధ్య ముహూర్తం ఏ రోజున వచ్చి వెళ్లిందో మాకు తెలియలేదు.

అసలు ఖాళీలతో కాపురం మనకు అలవాటే. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరితే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలే లేవు. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల ఏలుబడి. అయిదేళ్లు నిండేలోపే ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలో రాసి ఉంది, పాపం. తీరా ఎన్నికలు పెట్టినప్పుడు, రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షల నజరానా అన్నారు. పోటీ లేకపోతే బహుమతి ఇస్తామన్న సర్కారుకు, అసలు మనిషే లేకపోతే చీమ కుట్టినట్టయినా లేదు. సగం పదవులు మహిళలకు అన్నారు, ఆ కుర్చీల్లో భర్తలు కూర్చున్నా ఎవరికీ పట్టదు. గ్రామసభ అంటారా, సంతకాల పుస్తకంలో జరుగుతోంది.

ఎన్నిక ఎప్పుడు పెడతారో వారి దయ. ఈలోగా పంచాయతీ గోడ మీది సభ్యుల పట్టికలో ఆయన పేరయినా చెరిపించండి. ఏదో కాగితం పని మీద వచ్చినప్పుడల్లా ఆయన భార్య దాని ఎదుటే వరుసలో నిలబడాల్సి వస్తోంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా