రామానికి, తుపాకి గొట్టంలోని మసి గురించి

ప్రియమైన రామం,

నీ రెండు ఉత్తరాలకూ బదులు రాయనందుకు మన్నించు. సాకులు చెప్పను, చెప్పినా నువ్వు నమ్మవు. ఇక్కడ అందరం కులాసా, అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, అమ్మాయి కాలేజీ మారింది. మిగతా కబుర్లు ఫోనులో చెబుతాను.

ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరుంది. మూతి వైపు నుంచి మందు దట్టించి కాల్చే పాతకాలపు రైఫిళ్ల అభిమానులు 1933లో పెట్టుకున్న జాతీయ సంఘానికి గురికాల్పుల మైదానం అక్కడే ఉంది. మా పక్కింటి పెద్దాయన తన చెకుముకి రైఫిలుతో పాటు నన్నూ అక్కడికి లాక్కుపోయాడు. నీకూ తుపాకికీ ఏమిటి సంబంధమని నవ్వకు. ఆ నల్లటి మందులో ఉండేవి నూటికి 75 పాళ్లు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. మీ పెరటి గోడ వెనక మనం సిసింద్రీలలో కూరిన సరుకే. మీ నాన్నగారి పంచె సంగతి మాత్రం ఎత్తను.

మొదట్లో గుండ్లు హాయిగానే దిగాయి. పోనుపోను గుండును లోపలికి తోసే కడ్డీ మీద బలం ఎక్కువ పెట్టవలసి వచ్చింది, చివరికి ఒక గుండు సగం దారిలో బిగుసుకుపోయింది. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఉండగా కాలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు, కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ల మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈ మందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువు కాకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు, కాలని బొగ్గు కలిసి గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లలో పేరుకుంటాయి. గాలిలో తేమ ఉంటే ఆ మసి మెత్తబడుతుంది, పొడిగా ఉంటే గట్టి పెచ్చు కడుతుంది, మేము వెళ్లిన రోజు గాలి బాగా పొడిగా ఉంది.

ఇరుక్కున్న గుండును లాగించిన తర్వాత, పక్క బల్ల దగ్గరి నెరసిన మీసాలాయన మా పెద్దాయన వాడుతున్న నూనె డబ్బాను చూసి, మారుమాట లేకుండా మూత పెట్టి దూరంగా జరిపాడు. పెట్రోలియం నూనె ఈ మసితో కలిస్తే తారులా అంటుకుపోతుందట. (నీ సైకిలు గొలుసు, ఆముదం! ఇంతకన్నా రాయను.) ఆ తర్వాత ఆయన చేయించినవన్నీ చిన్న పనులే. అర అంగుళం గొట్టంలో 0.490 అంగుళాల గుండు, దాని చుట్టూ 0.015 అంగుళాల మందం నూలుగుడ్డ ఉండాలి, ఆ గుడ్డ బిగువుగా దిగుతూ పాత మసిని కిందికి తుడుచుకుపోవాలి. కాల్చిన ప్రతిసారీ చెమ్మగా ఉన్న మరో గుడ్డను ఒకసారి దింపి, ఒకసారి లాగాలి. కడ్డీ కొన కొంచెం సన్నగా ఉంటే గుడ్డ దిగేటప్పుడు మసి మీదుగా జారిపోయి, పైకి వచ్చేటప్పుడు ముడుచుకుని దాన్ని ఊడ్చుకొస్తుంది. గుడ్డ నీళ్లు కారేలా తడిస్తే ఆ బురద అడుగుకు చేరి నిప్పు పోయే రంధ్రాన్ని మూసేస్తుంది. అందుకని ఆయన ఉమ్మితోనే తడిపాడు, ఇది తాతల నాటి పద్ధతేనట! సన్నరవ్వ మందు తక్కువ మసి వదులుతుంది గాని దాని ఒత్తిడి ఎక్కువ కాబట్టి కొలత తగ్గించాలన్నాడు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తోంది. గుండు గుడ్డకు పూయమని ఆయన ఇచ్చిన డబ్బా మూత తీయగానే గొర్రె కొవ్వు, తేనెమైనం కలిసిన వాసన గుప్పుమంది, వెంటనే మన సోషల్ మాస్టారు కళ్లముందు నిలబడ్డారు. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పుట్టిన ఆవు కొవ్వు, పంది కొవ్వు తూటాల కథను మనం ఎన్ని పరీక్షల్లో రాశాం! అసలు తూటాకు కొవ్వు ఎందుకు పూశారని ఎవరూ అడగలేదు. అది ఈ మసి కోసమే, రామం. అప్పట్లో సిపాయిలకు ఇచ్చిన ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టం 0.577 అంగుళాలు, గుండు 0.568, కొవ్వు పూసిన కాగితంతో సహా గుండును లోపలికి దట్టిస్తే మసి మెత్తబడుతుంది, తర్వాతి గుండు దిగుతుంది. ఆ కాగితాన్ని పళ్లతో కొరకవలసి రావడమే కొంప ముంచింది. నచ్చిన పూత మీరే పూసుకోండని ప్రభుత్వం ఆ నెలాఖరుకే ఒప్పుకుంది గాని అప్పటికే నమ్మకం పోయింది. తర్వాత కొవ్వు పాలు తగ్గించి తేనెమైనం పెంచారు, 1859కల్లా గుండును 0.55కు సన్నం చేశారు. అంటే మార్గం ఉంది! తిరుగుబాటుకు మసే కారణమని నేననడం లేదు, అవధ్‌ను కలుపుకోవడం, జీతభత్యాల గొడవలు ఎలాగూ ఉన్నాయి, అయినా ఒక ఆయుధశాలలో గొట్టం శుభ్రంగా ఉండాలని ఎవరో చేసిన ఏర్పాటు సిపాయి నోటి దాకా వచ్చి...

ఈ ఆలోచన ఇంకా తెగలేదు, తెగాక రాస్తాను. కొవ్వు ముట్టనివాళ్లు ఆలివ్ నూనె, తేనెమైనం కలిపి వాడతారట, మా పెద్దాయన ఇప్పుడు వంటింట్లో అదే కరిగిస్తున్నాడు. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లతో గొట్టం కడగకపోతే రాత్రికి రాత్రే తుప్పు ఎలా మొదలవుతుందో కూడా రాయాలి గాని పోస్టాఫీసు మూసే వేళయింది, కింద కారు హారను మోగుతోంది. వదినగారికి నమస్కారాలు.

నీ
శేషు