150 పళ్లేల వడ్డన

విజయనగరం

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీర్వదించి వ్రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, మేడమీద కుండీలకు మళ్లీ తనే నీళ్లు పోస్తున్నది. నువ్వు సంక్రాంతికి వచ్చి వెళ్లిన తరువాత ఒక పళ్లెం ఫొటో పంపించి, "నాన్నా, 150 మందికి పాస్తా ఇలా పెడితే బాగుంటుందా?" అని ఒక్క వాక్యం వ్రాసి ఊరుకున్నావు. నేను ఫోను చేస్తే ఎత్తలేదు. పనిలో ఉన్నావని సరిపెట్టుకున్నాను. నువ్వు అడిగినదానికి జవాబు ఫోనులో చెప్పి తేల్చేది కాదు కాబట్టి తీరికగా కూర్చుని ఉత్తరం వ్రాస్తున్నాను తప్ప ఇందులో వేరే ఉద్దేశం లేదు. రాజాం అత్త పైడితల్లమ్మ గుడి దగ్గర మీ అమ్మకు కనిపించి, నీకూ, నీతో కలిసి వంటపని చేసే ఆ మంగుళూరు అమ్మాయికీ మాట తేడా వచ్చిందనీ, ఆమె విడిపోయిందనీ, ఈ విందు నువ్వొక్కదానివే నెత్తిన వేసుకున్నావనీ ఏదో చెప్పిందట. అత్త మాటలను నేను పట్టించుకోను. పాస్తా సంగతి చూద్దాం.

నువ్వు పళ్లెం బాగా ఎంచావు. తెల్లగా ఉంది, లోతు తక్కువ, అంచు వెడల్పు. పాస్తాలో పొట్టి గొట్టాల్లా ఉండే పెన్నే ఎంచుకోవడం ఇంకా మంచి పని. పొడవు తీగల్లాంటి స్పగెట్టీ అయితే పటకారుతో గరిటెలోకి తిప్పి ఒక్కొక్క పళ్లెంలో నిలబెట్టాలి. పది మందికైతే అందంగా వస్తుంది కానీ, 150 మందికి చేసేసరికి చేయి పడిపోతుంది, ఈలోగా మిగిలినదంతా అంటుకుపోతుంది. కొనేటప్పుడు పొట్లం వెనక చదువు. మైదా కలిసినది వద్దు, డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినది తీసుకో. మన బన్సీ రవ్వ కూడా డ్యూరమ్ జాతి గోధుమదే. అది అయితేనే రెండోసారి వేడినీళ్లలో ముంచినా మెత్తబడి విరిగిపోకుండా నిలుస్తుంది.

నచ్చనివి కూడా చెబుతాను. పాస్తా పళ్లెం అంచు దాకా పరుచుకుంది. మధ్యలో కుప్పగా, కొంచెం ఎత్తుగా పెట్టి చుట్టూ అంచు ఖాళీగా వదలాలి. అలా చేస్తే చూపుకు బాగుండటమే కాదు, వేడి కూడా కాసేపు నిలుస్తుంది. ఒక పక్కన కొత్తిమీర కాడ గుచ్చావు. దానిని ఎవరూ తినరు, తీసి అంచున పెడతారు. పళ్లెం మీద పైన వేసే ప్రతిదీ నోట్లోకి వెళ్లేదై ఉండాలి, లోపలి రుచితో కలిసేదై ఉండాలి. టమాటా పప్పులో కొత్తిమీర ఎంత బాగుంటుందో నాకు తెలుసు, కానీ టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో చేసిన సాసు మీద వేస్తే మిగిలిన వాసనలన్నింటినీ అదే మింగేస్తుంది. అక్కడ బేసిల్ ఆకే వేయాలి. మనం సబ్జా గింజలు తీసుకునే మొక్కా, ఇటలీవారి బేసిల్ మొక్కా ఒకే జాతివి. వాసనలో కొంత తేడా ఉంటుంది కానీ, బజారులో ఆకు దొరకకపోతే సబ్జా ఆకు వేయవచ్చు. మన కోటలోని పూజ తులసి వేరు, దాని ఘాటు దీనికి కుదరదు.

ఫొటోలో కొత్తిమీరతోపాటు కొన్ని బేసిల్ ఆకులు కూడా ఉన్నాయి, వాటి అంచులు నల్లబడి ఉన్నాయి. కత్తితో ముందుగా తరిగి పెట్టినట్టున్నావు. బేసిల్ లేత ఆకు, కోసినచోట గాలి తగిలి నల్లబడుతుంది. ఫ్రిజ్‌లో మరీ చల్లగా పెట్టినా మచ్చలు పడుతుంది. కాడలను పూలగుత్తిలా నీళ్ల గ్లాసులో నిలబెట్టి బయటే ఉంచు. పాస్తా, సాసు, చీజ్ అన్నీ పడి పళ్లెం బయలుదేరబోయే ముందు చేత్తో తుంచి వేయాలి, చిన్న ఆకులైతే అలాగే వేయాలి. ఆవిరికి కూడా అది వాడిపోతుంది కాబట్టి ఆకు పనికి ఒక మనిషి విడిగా ఉండాలి. సాసు గరిటె పట్టుకున్న చేత్తో ఆకు వేయడం కుదరదు. ఆ పని ఎవరికి అప్పగించావో వ్రాయలేదు.

చీజ్ గురించి ఒక్క మాట, ఇది మరచిపోవద్దు. పార్మిజానో రెజ్జానో అనే అసలైన ఇటలీ చీజ్‌ను లేగదూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తో తోడుపెడతారు. అక్కడి నియమమే అది. శాకాహారమని చెప్పి వడ్డించే పళ్లెం మీద దానిని తురమడం తప్పు, తిన్నవాళ్లకు తెలియకపోయినా తప్పే. పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉన్నది, సూక్ష్మజీవుల రెనెట్‌తో చేసినది కొను. మనిషికి 10 గ్రాముల చొప్పున కిలోన్నర చాలు. సన్నగా తురిమి, జానెడు ఎత్తునుంచి రాల్చితే ఒకచోట ముద్దగా పడకుండా అంతటా సమంగా పడుతుంది. రొయ్యల పాస్తా కూడా పెట్టే ఆలోచన ఉంటే దాని మీద చీజ్ వేయకు, ఇటలీవాళ్లు సాధారణంగా వేయరు.

చీజ్ తిననివారికీ, పంటి కింద కరకరలాడేది కోరేవారికీ దక్షిణ ఇటలీవాళ్లు ఎండిన రొట్టె పొడిని ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి చల్లుతారు. చీజ్ కొనలేని ఇళ్లలో దాని బదులుగా ఇదే వేసుకునేవారు. నా మాట విని ఆ పొడిలో దోరగా వేయించిన పలాస జీడిపప్పు పలుకులు కలుపు. ఇటలీవాళ్లు వాడే పైన్ గింజల ఖరీదులో ఇది ఏ మూలకూ రాదు, రుచి ఏమాత్రం తగ్గదు. ఎలాగూ నలగ్గొట్టేదే కాబట్టి గుండ్లు కొనక్కరలేదు, బద్దలు చాలు. జీడిపప్పు పడనివాళ్లు ఉంటారు, వడ్డించేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచు.

ఇప్పుడు అసలు విషయం. 150 పళ్లేలూ ఒక్కసారే సర్దుదామని చూస్తే చివరి పళ్లెం తయారయ్యేసరికి మొదటిది చల్లారుతుంది. 15 చొప్పున పది దఫాలు చేయాలి. మనిషికి ఎండు పెన్నే 80 గ్రాములు వేసుకో, మొత్తం 12 కిలోలు, దఫాకు 1 కిలో 200 గ్రాములు. ఉడికాక రెండింతలకు కొంచెం పైనే తూగుతుంది. కిలోకు 10 లీటర్ల నీళ్లు పెట్టి, లీటరుకు 7 నుంచి 10 గ్రాముల ఉప్పు వేయాలి. పొట్లం మీద 11 నిమిషాలని ఉంటే 9 నిమిషాలకే, పలుకుమీద ఉండగానే వార్చి, వెడల్పాటి ట్రేలలో పలచగా పరచి, చుక్క నూనె పట్టించి చల్లార్చు. నూనె ఎక్కువైతే తరువాత సాసు పట్టదు. చల్లారినదానిని రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టు. వడ్డన వేళకు దఫాకు సరిపడా జల్లెడలో వేసి మరుగుతున్న ఉప్పునీళ్లలో ఒక నిమిషం ముంచి తీసి, వేడి సాసులో వేసి, పాస్తా వార్చిన గంజి ఒక గరిటె పోసి కలియబెట్టు. గంజిలోని పిండి వల్లనే నూనె, టమాటా రసం విడిపోకుండా ఒకటిగా పట్టుకుని పాస్తాను అంటుకుంటాయి. కొంచెం జారుగానే ఉంచు, పళ్లెం బల్ల మీదికి చేరేలోపల పాస్తా ఇంకా పీలుస్తుంది. పళ్లేలు కూడా వేడిగా ఉండాలి. ఓవెన్ లేకపోతే వేడినీళ్లలో ముంచి పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

పొయ్యి దగ్గర ఒకరు కలుపుతుంటే, రెండోవారు పళ్లెంలో పెట్టాలి, మూడోవారు పైన చెంచాడు సాసు, చీజ్ వేయాలి, నాలుగోవారు రొట్టె పొడి, ఆకు చల్లాలి, అయిదోవారు తడిగుడ్డతో అంచు తుడిచి ఒకసారి చూసి పంపాలి. మోసేవాళ్లు వేరే. బంతిలో ఒకరు పప్పు, ఒకరు కూర, ఒకరు పచ్చడి పట్టుకుని వరసగా నడిచినట్లే ఇదీను, కాకపోతే ఇక్కడ మనుషులు నిలబడి ఉంటే పళ్లెం నడుస్తుంది. మొదట ఒక పళ్లెం నువ్వే సర్ది అందరికీ కనిపించేలా ఎదురుగా పెట్టు, మాటలతో చెప్పడం కంటే అది నయం. మోసేవాళ్లు కాక అయిదుగురు కావాలి, అందులో నువ్వు ఒకతెవి. మిగిలిన నలుగురు ఎవరమ్మా? లెక్క కోసమే అడుగుతున్నాను.

చిన్నక్క రిసెప్షను నీకు గుర్తుండే ఉంటుంది. నేను విశాఖలో హోటలు విందుల వంటశాలలో పనిచేస్తున్న రోజులవి, సెలవు పెట్టి చుట్టంగా వచ్చాను. మగపెళ్లివారు హైదరాబాదువాళ్లు, మిగిలిన వంటలతోపాటు పాస్తా కూడా ఉండాలన్నారు. బొబ్బిలి పెదనాన్న ఎవరో కేటరింగువాళ్లకు అప్పగించాడు. వాళ్లు సాయంత్రం నాలుగింటికే అంతా ఉడికించి, సాసులో కలిపి, మూతపెట్టి మంట మీద ఉంచేశారు. పైన మాత్రం టమాటా గులాబీలు, క్యారెట్టు పూలు, కొత్తిమీర తోరణం. రాత్రి ఎనిమిదిన్నరకు మూత తీస్తే పువ్వులు వాడి నీరు కారుతున్నాయి, కింద గరిటె దిగడం లేదు. మొదటి బంతిలో తిన్నవాళ్లు పళ్లేలు అలాగే వదిలేసి లేచారు. పెదనాన్న ముఖం చూడలేకపోయాను. చొక్కా చేతులు పైకి మడిచి వంటింట్లోకి వెళ్లి చూస్తే విప్పని పొట్లాలు ఇంకా ఉన్నాయి, టమాటాలు ఉన్నాయి, పాయసానికి తెచ్చిన జీడిపప్పు ఉంది. అన్నం వార్చే గుండిగలో నీళ్లు మరగపెట్టించాను. సాలూరు బాబాయిని, చిన్న మావయ్యని, వాళ్ల పిల్లలని వరసగా నిలబెట్టి తలా ఒక పని చెప్పాను. మావయ్య అప్పటిదాకా కాఫీ కూడా కలిపి ఎరగడు, జీడిపప్పు మాత్రం అందరి పళ్లేలలోనూ సమంగా రాల్చాడు. నువ్వు ఏడో తరగతి చదువుతున్నావు. పట్టుపరికిణీ మీద మీ అమ్మ తువ్వాలు చుట్టుకుని వరస చివర స్టూలు మీద నిలబడ్డావు. ఎడమచేతి బొటనవేలు పళ్లెం కింద పెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతూ, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, తడిగుడ్డ కొసతో అంచు తుడిచావు. మావయ్య వేలిముద్ర పడిందని ఒక పళ్లెం వెనక్కి కూడా పంపావు. వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ రాత్రి గిన్నెలు తోమేవాళ్లు అందరి తరువాత కూర్చున్నారు, వాళ్ల పళ్లేలలోనూ పాస్తా పొగలు కక్కుతూనే ఉంది, ఆకు పచ్చగానే ఉంది. పెదనాన్న ఇప్పటికీ ఆ మాటే చెబుతాడు.

అన్ని చేతులు ఉన్నాయి కాబట్టే అది జరిగిందమ్మా. నువ్వు పట్టుదల మనిషివి, రాత్రంతా మేలుకుని అయినా చేస్తాననుకుంటావు. ఒళ్లు అలిస్తే ముందు తప్పేది ఉప్పు, ఆ తరువాత వేళ. ఒకవేళ మాట తేడా వచ్చిందే అనుకో, డబ్బు దగ్గర అయితే ఎంతో నాకు వ్రాయి, చూద్దాం. మనసు నొచ్చుకుని అయితే నువ్వే ముందు ఫోను చెయ్యి, చిన్నతనమేమీ కాదు. సంక్రాంతికి నువ్వు తెచ్చిన చీజ్ తురుము పీటను ఆ అమ్మాయే ఎంచి కొన్నదని నువ్వే చెప్పావు, అంత చూసి కొనే మనిషి ఊరికే వదులుకునే మనిషి కాదు. నేను ఉపదేశాలు చెయ్యకూడదనుకుంటూనే చేస్తున్నాను, నువ్వు ఫోను ఎత్తి ఉంటే ఇంత వ్రాసేవాడిని కాదు. ఎవరూ దొరకకపోతే నేనే బయలుదేరి వస్తాను, రొట్టె పొడి వేయించడానికైనా పనికివస్తాను. వేళకు భోంచెయ్యి. పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఆ పొడవు చున్నీ వేసుకోకు. రాత్రి తలంటుకుని తడిజుట్టుతో పడుకోకు, నీకు జలుబు చేస్తే నెలరోజులు వదలదు.

పలాస బద్దలు ఒక కిలో, మీ అమ్మ చేసిన చింతకాయ పచ్చడి, నువ్వుండలు పక్కింటి అబ్బాయి చేతికిచ్చి పంపుతున్నాను. అతను వచ్చే ఆదివారం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వస్తున్నాడు. 150 మందికి మనిషికి 5 గ్రాముల లెక్కన ముప్పాతిక కిలో పడుతుంది, మిగిలిన పావుకిలో నువ్వు తిను. పచ్చడి జాడీ మూతకు గుడ్డ కట్టాం, పక్కకు వాల్చకుండా పట్టుకోవాలి. స్టేషనుకు నువ్వు వెళతావో, ఆ అమ్మాయిని పంపిస్తావో ఒక మాట చెబితే అతనికి ఆ నంబరు ఇస్తాను.

ఆశీస్సులతో,
నాన్న