ఎక్స్‌రే చూశాక ఛాతీ పరీక్షా?

సంపాదకులకు,

ఎంబీబీఎస్ చివరి ఏడాది, పీజీ ప్రవేశ పరీక్షల కోసం పత్రికల చదువు పేజీల్లో గుండె, ఊపిరితిత్తుల జబ్బుల పట్టికలు వస్తున్నాయి. 'ఎఫ్యూజన్‌లో ట్రేకియా అవతలి పక్కకు, కొలాప్స్‌లో అదే పక్కకు' అన్న వరుసల్లో (ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం ఎఫ్యూజన్, ఊపిరితిత్తి కుదించుకుపోవడం కొలాప్స్, గొంతులోని గాలిగొట్టం ట్రేకియా) తప్పేమీ లేదు. అయితే పిల్లలు వాటిని బట్టీపట్టి, వార్డులో ముందు ఎక్స్‌రే చూసి, దానికి సరిపడే గుర్తులు కేస్ షీట్‌లో నింపుతున్నారు. పరీక్షలో ఒక రోగిని పూర్తిగా చూసి వివరించాల్సిన లాంగ్ కేస్‌లో దొరికిపోయేది అక్కడే.

ట్రేకియానే తీసుకోండి. రోగి తల నిటారుగా ఉండాలి. చూపుడు వేలు, ఉంగరపు వేలు రెండు కాలర్ ఎముకల లోపలి కొనల మీద ఆనించి, నడిమి వేలితో గొంతు గుంటలో మెల్లగా తడమాలి. మెడ కాస్త పక్కకు తిరిగినా నాళం జరిగినట్టే తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అది కొద్దిగా కుడికి ఉండొచ్చు. నీరు బాగా చేరితేగానీ ట్రేకియా కదలదు. కాబట్టి చిన్న ఎఫ్యూజన్‌కు 'అవతలికి జరిగింది' అని రాస్తే ఎగ్జామినర్‌కు వెంటనే అర్థమైపోతుంది, వేలు పెట్టలేదని.

పట్టికలో కనిపించని సంగతి ఒకటుంది. వేలితో తడితే ఒక పక్కంతా స్టోనీ డల్‌గా (రాయి మీద తట్టినట్టు మొద్దుగా) ఉన్నా ట్రేకియా నడిమధ్యే ఉంటే అది వదిలేయాల్సిన గుర్తు కాదు. నీరు అవతలికి నెడుతుంటే, లోపలికి వెళ్లే శ్వాసనాళపు కొమ్మ మూసుకుపోయి కుదించుకున్న ఊపిరితిత్తి ఇవతలికి లాగుతూ ఉండొచ్చు. పొగతాగే పెద్దవయసు మనిషిలో ఇది కనబడితే ముందు క్యాన్సర్‌ను తలచుకోవాలి.

వోకల్ రెజొనెన్స్‌కు (రోగి మాట్లాడుతుంటే ఛాతీ మీద స్టెతస్కోప్‌తో వినడానికి) ఏ మాట చెప్పించాలన్న గొడవ ఎక్కువ. చెన్నై ఆసుపత్రులకు నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవారితో 'ఒకటి, ఒకటి, ఒకటి' అనిపిస్తే చాలు. మాట మారకూడదు, గొంతు పెంచకూడదు, రెండు పక్కలా సరిగ్గా అదే చోట వినాలి. ఊపిరితిత్తి గట్టిపడే కన్సాలిడేషన్‌లో గుసగుసగా అన్నది కూడా చెవిలో చెప్పినంత స్పష్టంగా వస్తుంది. ఎఫ్యూజన్‌లో మామూలు మాటే మసకబారుతుంది.

గుండెలోని మైట్రల్ కవాటం ఇరుకైపోయే మైట్రల్ స్టెనోసిస్‌లో మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య వచ్చే అదనపు ధ్వని) వినబడలేదనే విద్యార్థుల్లో చాలామంది రోగిని వెల్లకిలా పడుకోబెట్టే విని ఉంటారు. 'అమ్మా, ఎడమ పక్కకు తిరగండి, ఊపిరి వదిలేసి అలాగే బిగబట్టండి' అనాలి. గుండె కొన కొట్టుకునే చోట స్టెతస్కోప్ బెల్‌ను (గిన్నెలాంటి వైపును) తేలికగా ఆనించాలి. గట్టిగా నొక్కితే కింది చర్మమే బిగుసుకుని డయాఫ్రమ్‌లా (స్టెతస్కోప్ చదును పొరలా) పనిచేస్తుంది, ఆ మంద్రధ్వని కాస్తా పోతుంది. అప్పటికీ వినబడకపోతే, ఆయాసం లేని రోగిని నాలుగైదుసార్లు లేచి కూర్చోమని మళ్లీ వినాలి. అయోర్టిక్ కవాటం నుంచి రక్తం వెనక్కు కారే అయోర్టిక్ రిగర్జిటేషన్‌కు ఇందుకు తిరగేసి: కూర్చోబెట్టి ముందుకు వంచి, ఊపిరి వదిలాక, డయాఫ్రమ్‌ను గట్టిగా నొక్కి, ఎడమ మూడో పక్కటెముకల సందులో.

పట్టిక వేసేటప్పుడు దయచేసి ఒక్కో గుర్తు పక్కన రోగిని ఎలా ఉంచాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఆ గుర్తు ఎప్పుడు కనబడదో కూడా రాయించండి. చోటు చాలకపోతే పది జబ్బులకు బదులు మూడే వేయండి.

— జనరల్ మెడిసిన్ అధ్యాపకులు, చెన్నై